చేతికి చేయి చెప్పే పాఠం

మన ఊళ్లలో కుస్తీ నేర్పే పెద్దను వస్తాదు అంటారు. ఆయన శిష్యులచేత సాము చేయించే చోటు తాలింఖానా. మొదటి మాట 'ఉస్తాద్' అనే పారశీక పదానికి తెలుగు నోట కుదిరిన రూపం. దాని అర్థం గురువు. రెండవ మాటలోని 'తాలీమ్' అరబ్బీనుండి వచ్చినది. దాని అర్థం విద్య. అనగా బడిలో పాఠం చెప్పే పంతులుగారికీ, గరిడీలో పట్టు నేర్పే వస్తాదుకూ భాష ఒకే పీట వేసినది. దేహానికి నేర్పేది కూడ విద్యయే అన్న యీ గుర్తింపు మన మాటల్లో మిగిలినంతగా మన బడుల్లో మిగలలేదు. లెక్కల పాఠం వెనుకబడినప్పుడు ఉపాధ్యాయుడు అడిగి తీసుకొనేది వ్యాయామపు గంటనే.

వెనుక యిట్లా వుండేది కాదు. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు సర్కసు డేరాలో ఇనుపగొలుసులు తెంచి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని 'కలియుగ భీము'డనిపించుకొనడానికి ముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినారు. బలానికి బడిలో చోటు వుండేదనడానికి ఆయన జీవితమే నిదర్శనం. అయితే యీ వ్యాసంలో చెప్పబోయేది భీమబలం సంగతి కాదు. బలం తక్కువగా వున్నవారికోసం ఏర్పడినదని చెప్పుకొనే ఒక చైనా విద్య సంగతి. అంతకన్న ముఖ్యంగా, దానిని నేర్పే తీరు సంగతి.

హైదరాబాదుకు పడమట బండరాళ్ల నడుమ వున్న మాదాపూర్ ప్రాంతంలో 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించినారు. ఆ చుట్టుపట్లకు హైటెక్ సిటీ అన్న పేరు వచ్చినది. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ కలిసి నేడొక మహానగరమై నిలిచినవి. ఇక్కడి పని కంటితోను, వేలికొసలతోను జరిగే పని. ప్రక్క బల్ల దగ్గరి మనిషితో మాట కూడ చాలసార్లు తెరమీదుగానే నడుస్తుంది. కొత్త సంగతి నేర్చుకొనవలసివచ్చినా తెరమీదనే. అటువంటి చోట, పని ముగిసిన పిమ్మట, ఒళ్లు వంచి కరాటే, తైక్వాండో, కుంగ్‌ఫూ నేర్చుకొనే యువతీయువకులు వుండడంలో ఆశ్చర్యం లేదు. ఆ విద్యలన్నిటిలో తెరమీద చూచి నేర్చుకొనడానికి బహుశః అన్నిటికన్న తక్కువగా లొంగేది దక్షిణ చైనాకు చెందిన వింగ్ చున్.

కథ, చరిత్ర

'వింగ్ చున్' అనే పేరును మనం 'వసంతగానం' అని చెప్పుకొనవచ్చును. పేరు వెనుక ఒక కథ వున్నది. షావోలిన్ మఠం నాశనమైనప్పుడు బ్రతికి బయటపడిన ఇంగ్ మూయి అనే భిక్షుణి ఒకనాడు ఒక కొంగ మరొక జంతువుతో పోరాడడం చూచినదట. ఆ జంతువు పామని కొందరు, నక్క అని కొందరు అంటారు. కొంగ రెక్కతో దెబ్బ తప్పించుకొంటూ, అదే క్షణంలో ముక్కుతో పొడవడం గమనించి ఆమె కొత్త విద్య కల్పించినదట. యిమ్ వింగ్ చున్ అనే కన్యను ఒక దుండగీడు బలవంతాన పెండ్లాడజూడగా, భిక్షుణి ఆ విద్యను ఆమెకు నేర్పినది. ఆ కన్య వాణ్ణి ఓడించి, తాను కోరిన వరుణ్ణి చేపట్టి, అతనికి ఆ విద్య ధారపోసినది.

దీనిని చరిత్రకారులు కథగానే పరిగణిస్తారు. ఆ కాలపు ఆధారాలు దీనికి లేవు. దక్షిణ భారతదేశంనుండి వెళ్లిన బోధిధర్ముడు షావోలిన్ భిక్షువులకు యుద్ధవిద్య నేర్పినాడని మనవాళ్లు అభిమానంగా చెప్పుకొనే మాట కూడ యిటువంటిదే. అది 17వ శతాబ్దపు చైనా గ్రంథమొకదానినుండి వ్యాపించిన గాథ. విద్యార్థులకు కథను కథగా చెప్పడంలో దోషం లేదు; చరిత్రగా చెప్పితేనే దోషం.

చరిత్రకు నేల దొరికే చోటు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ఫోషాన్ పట్టణం. 19వ శతాబ్దంలో అక్కడ లియుంగ్ జాన్ అనే మూలికావైద్యుడు యీ విద్యలో పేరు పొందినాడు. ఆయన శిష్యుడు చాన్ వా షున్ వృత్తిచేత నాణేలు మార్చే వర్తకుడు. చాన్ చివరి శిష్యుడు 1893లో పుట్టిన ఇప్ మాన్. ఒక వైద్యుడు, ఒక వర్తకుడు, ఒక సంపన్న గృహస్థుని కొడుకు — వీరెవరూ సైనికులు కారు. పగలు తమ వృత్తి చేసుకొని, తీరిక వేళల్లో విద్యను కాపాడినవారు. వీరి పరంపర తమ విద్యకు ఒక స్త్రీని మూలగురువుగా నిలుపుకొనడం మాత్రం గమనింపదగినది. బలవంతునితో బలాబలాలు చూచుకొనకుండా బయటపడే విద్య అని చెప్పడానికి అంతకన్న తగిన కథ దొరకదు.

మూరెడు దూరం

మోచేతినుండి వేలికొసకు వున్న దూరాన్ని మనం మూర అంటాం. వింగ్ చున్ ఆ మూరెడు దూరపు విద్య. కాలు చాచి తన్నే దూరంలో గాక, మోచేయి వంచి వుండగానే ఎదుటివాని రొమ్ము అందే దూరంలో దాని పని.

దాని సూత్రాలు కొద్ది. మనిషి దేహానికి నెత్తినుండి పాదాల నడుమకు ఒక నిలువుగీత ఊహించుకొనండి. గొంతు, రొమ్ము నడిభాగం, కడుపు ఆ గీతమీదనే వున్నవి. తన గీతను కాచుకొనడం, ఎదుటివాని గీతవైపు చేతిని నిలపడం మొదటి సూత్రం. రెండు బిందువుల నడుమ అతి దగ్గర దారి సరళరేఖ అని రేఖాగణితంలో చదువుకొన్నదే రెండవది: పిడికిలి నిలువుగా, మోచేయి క్రిందికి దించి, తిన్నగా ముందుకు వెళ్లవలె. ఒక చేయి దెబ్బను ప్రక్కకు తప్పిస్తూ వుండగానే రెండవ చేయి దెబ్బ వేయవలె. తప్పించుకొనడానికి ఒక క్షణం, కొట్టడానికి మరొక క్షణం అన్న లెక్క లేదు. ఇది మూడవది.

నాలుగవ సూత్రం వీటన్నిటికీ ప్రాణం. మీద పడే బలాన్ని బలంతో ఆపరాదు. మూసిన తలుపును భుజంతో నెట్టుతున్నవాడు, లోపలివారు హఠాత్తుగా గడియ తీస్తే, తన బలంతోనే తాను ముందుకు తూలిపోతాడు. ఎదుటివాడు నెట్టినప్పుడు దారి యివ్వడం, అతడు చేయి వెనుకకు తీసినప్పుడు దానివెంటనే పోవడం, అడ్డు తొలగితే తిన్నగా ముందుకు దూసుకుపోవడం — యిదే ఆ సూత్రం.

కాని ఎదుటివాని బలం ఎటు వస్తున్నదో తెలిసేది ఎట్లా? చూచి తెలుసుకొందామంటే మూరెడు దూరంలో కన్ను ఆలస్యం చేస్తుంది. కంటితో చూచి కదలడానికి మనిషికి సుమారు సెకనులో ఐదవ వంతు పడుతుంది. స్పర్శకు బదులు చెప్పడానికి అంతకన్న కొంత తక్కువ చాలు. పైగా కన్ను కనుసైగకు, భుజపు కదలికకు మోసపోతుంది. చర్మానికి తగిలిన ఒత్తిడి అంత సులభంగా మోసపుచ్చదు. వైద్యుడు నాడి పట్టి చూచినట్టు, యీ విద్య నేర్చినవాడు ఎదుటివాని ముంజేతిని తన ముంజేతితో చదువుతాడు.

పాఠక్రమం

ఇప్ మాన్ పరంపరలో పాఠాలు మొత్తం ఆరు. చేతులతో చేసేవి మూడు, కొయ్యబొమ్మతో ఒకటి, ఆయుధాలతో రెండు. మొదటి పాఠం పేరు 'సియు నిమ్ తావ్'. 'చిన్న తలపు' అని దాని అర్థం. విద్యార్థి మోకాళ్ల నడుమ మేకపిల్లను బిగించిపట్టుకొన్నట్టు కాళ్లు నిలిపి, ఒక్క అడుగైనా కదలక, చేతులను మాత్రం నెమ్మదిగా కదుపుతాడు. అరచేయి పైకి తిప్పి ముందుకు సాచే 'తాన్ సావ్', మోచేతిని రెక్కవలె ఎత్తే 'బాంగ్ సావ్', ఎదుటివాని చేతిపై వాలి అదుపు చేసే 'ఫుక్ సావ్' — యీ మూడూ దాని ఓనమాలు. ఏండ్ల తరబడి నేర్చినవాడు కూడ యీ మొదటి పాఠాన్ని విడువడు. అక్షరాలు వచ్చినవాడు అక్షరాలను మానుకొనడు గదా!

రెండవ పాఠం 'చమ్ కియు', అనగా 'వంతెన వెదకుట'. దక్షిణ చైనా విద్యలలో ముంజేతిని వంతెన అంటారు. యిద్దరి ముంజేతులు తగిలినప్పుడు ఒకరినుండి మరొకరికి దారి ఏర్పడుతుంది. ఇక్కడ అడుగు, నడుము తిప్పుట వచ్చి చేరుతాయి. మూడవదైన 'బియు జీ' ఆపదలో చిక్కినప్పుడు తేరుకొనే ఉపాయాలు చెప్పుతుంది. తరువాత మూడు చేతులు, ఒక కాలు గల కొయ్యబొమ్మ. కడపట పొడుగాటి కర్ర, జంటకత్తులు. మన కర్రసాము, కత్తిసాము ఎరిగినవారికి యీ వరుస వింతగా తోచదు.

అయితే యీ ఆరింటిలోను లేనిదే యీ విద్యకు గుండెకాయ. దాని పేరు 'చీ సావ్' — అంటుకొని వుండే చేతులు. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ముంజేతులను తాకించి, రోకళ్లు వంతులవారీగా లేచిపడినట్టు ఒక లయలో పైకి క్రిందికి తిప్పుతూ వుంటారు. మొదట ఒక చేతితో, పిదప రెండు చేతులతో. ఆ లయ నడుమ ఒకరు కొంచెం ఒత్తిడి పెంచుతారు, లేదా దిశ మార్చుతారు, లేదా చేతిని సడలిస్తారు. రెండవవాని చేయి ఆలోచన అక్కరలేకుండ బదులు చెప్పవలె. కొందరు గురువులు కళ్లకు గంతలు కట్టించి యీ సాధన చేయిస్తారు.

ఉపాధ్యాయులు గమనించవలసినది యిక్కడనే వున్నది. ఈ పాఠంలో గురువు దూరంగా కూర్చుండి తప్పులు చెప్పడానికి వీలు లేదు. తన ముంజేతిని శిష్యునికి అప్పగించవలె. శిష్యుని మోచేయి వ్రేలెడు ప్రక్కకు జరిగినా గురువు అరచేయి వచ్చి అతని రొమ్మున మెత్తగా వాలుతుంది. తప్పు ఎక్కడో, ఎంతో శిష్యునికి ఆ క్షణంలోనే తెలుస్తుంది. దిద్దడానికి ఎర్రసిరా అక్కరలేదు. ఆ అరచేయి ఎంత గట్టిగా వాలవలెనో నిర్ణయించడంలోనే గురువు విజ్ఞత వున్నది: గట్టిగా తగిలితే శిష్యుడు జంకి బిగుసుకుపోతాడు, అసలు తగలకపోతే తప్పును ఒప్పనుకొంటాడు.

దీనికొక ప్రమాదం కూడ వున్నది. చీ సావ్‌నే పోరు అనుకొనడం, వ్యాకరణం చదివి కవినయ్యాననుకొనడం వంటిది. 2018లో చైనాలో షూ షియావోడాంగ్ అనే ఆధునిక మల్లుడు వింగ్ చున్ నేర్చిన ఒకనితో బహిరంగంగా తలపడి, అతణ్ణి పదే పదే నేలకూల్చినాడు. తన తోటి సాధకునితో లయబద్ధంగా చేతులు తిప్పడానికే అలవాటుపడినవాడు, లయ పాటించని ప్రత్యర్థి ఎదుట ఏమవుతాడో దానివల్ల లోకానికి తెలిసినది. విద్యను ప్రేమించే గురువు యీ సంగతిని శిష్యులవద్ద దాచడు. పట్టువిడుపులతోను, ఎదిరించే జోడుతోను సాధన చేయిస్తాడు.

అన్నలు చెప్పే చదువు

ఇప్ మాన్ ధనిక కుటుంబంలో పుట్టి, కౌమారంలో హాంకాంగ్ వెళ్లి ఆంగ్లవిద్య నేర్చినవాడు. తిరిగి ఫోషాన్‌లో స్థిరపడినాడు. 1949లో చైనాలో ప్రభుత్వం మారిన తరువాత ఆస్తి కోల్పోయి హాంకాంగ్ చేరుకొన్నాడు. 1950లో అక్కడి హోటలు పనివారి సంఘంలో బ్రతుకుతెరువుకై వింగ్ చున్ నేర్పడం మొదలుపెట్టినాడు. అప్పటికి ఆయనకు దాదాపు 57 ఏండ్లు. మన లెక్కలో ఉద్యోగ విరమణకు సిద్ధమయ్యే వయసులో ఆయన ఉపాధ్యాయుడైనాడు!

చైనావారు గురువును 'సిఫు' అంటారు. యీ విద్యలో వాడే అక్షరాలకు 'గురుతండ్రి' అని అర్థం. గురువుకు గురువు తాత. తనకన్న ముందు చేరినవాడు అన్న, వెనుక చేరినవాడు తమ్ముడు. వయసుతో నిమిత్తం లేదు. ఇవి మర్యాదకోసం పెట్టుకొన్న వరుసలు మాత్రమే కావు. ఒక గురువుకు వున్నవి రెండే ముంజేతులు. శిష్యులు ఇరవైమంది అయితే అందరి చేతులూ ఆయన ఒక్కడే తాకి దిద్దలేడు. కనుక అన్న తమ్మునికి తన చేతిని అందిస్తాడు. 1950ల నడుమ ఇప్ మాన్ వద్ద చేరిన పడుచు శిష్యుడొకడు ఎక్కువభాగం సాధన చేసినది గురువుతో గాక, తనకన్న ఐదేండ్లు పెద్దవాడైన వాంగ్ షున్ లియుంగ్ అనే అన్నతో. ఆ శిష్యుని పేరు బ్రూస్ లీ. అతడు 1959లో అమెరికా వెళ్లినాడు. 1972 డిసెంబరులో గురువు, 1973 జూలైలో శిష్యుడు మరణించినారు. ఆ మరుసటి నెలలో విడుదలైన 'ఎంటర్ ది డ్రాగన్' చిత్రం శిష్యుని కీర్తిని ఖండాంతరాలకు మోసినది. గురువును లోకం తెలుసుకొనడానికి ఆయన పేరుతోనే 2008లో వచ్చిన మరొక చిత్రందాక ఆగవలసివచ్చినది.

అన్న తమ్మునికి చెప్పే యీ పద్ధతి మనకు పరాయిది కాదు. మన వీధిబడులలో పెద్దపిల్లలు చిన్నపిల్లలచేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమానికి అధికారిగా వుండిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతబోధకుడు యీ తీరును చూచి, తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానిని గురించి పుస్తకం వెలువరించినాడు. ఇంగ్లండు బడులలో అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతోనే వ్యాపించినది. ఒక ఉపాధ్యాయుడు, అనేకమంది పిల్లలు — యీ చిక్కు ఫోషాన్‌కూ, మన వీధి అరుగులకూ ఒక్కటే; విప్పిన ఉపాయమూ ఒక్కటే.

ఆడపిల్లల సంగతి

ఈ చర్చ మన నగరానికి వినోదం మాత్రమే కాదు. 2013 అక్టోబరులో హైటెక్ సిటీలో పని ముగించుకొని ఇంటికి బయలుదేరిన ఒక యువ ఉద్యోగిని అపహరణకు, అత్యాచారానికి గురి అయినది. మరుసటి సంవత్సరం అక్టోబరు 24న నగరంలో పోలీసుల 'షీ టీములు' పని ప్రారంభించినవి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం దేశాన్నంతటినీ కలచివేసినది. ఇటువంటి సంఘటన జరిగిన ప్రతిసారీ ఆత్మరక్షణ పాఠాలు కావాలన్న కోరిక లేస్తుంది, కొన్నాళ్లకు అణగిపోతుంది.

సమగ్ర శిక్ష క్రింద ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుండి 12వ తరగతి వరకు చదివే బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ యిచ్చే పథకం వున్నది. మంచి పథకం. కాని మూడు నెలలు ఏమి చేయగలవో, ఏమి చేయలేవో ఉపాధ్యాయులు నిజాయితీగా తెలుసుకొనవలె. మైదానంలో వరుసలుగా నిలిచి, ఈలకు అనుగుణంగా గాలిలో గుద్దినందువల్ల కాళ్లు నిలకడ నేర్చుకొంటాయి, గొంతు విప్పి కేక వేయడానికి జంకు పోతుంది, దేహమంటే సిగ్గుపడవలసిన వస్తువన్న భావం సడలుతుంది. ఇవి చిన్న లాభాలు కావు. అయినా మణికట్టు పట్టుకొన్న చేయి ఎట్లా వుంటుందో గాలి చెప్పదు. పట్టిన పిడికిలిలో బొటనవ్రేలికీ తక్కిన వ్రేళ్లకూ నడుమ వున్న సందే బలహీనమైన చోటని, బలమంతా ఉపయోగించి వెనుకకు గుంజక ఆ సందువైపు చేతిని త్రిప్పితే విడిపడుతుందని పుస్తకంలో చదువవచ్చును, తెరమీద చూడవచ్చును. నిజంగా ఒకరు గట్టిగా పట్టుకొన్నప్పుడు గాని, ఆ పట్టు అనేకసార్లు విడిపించుకొన్నప్పుడు గాని అది చేతికి రాదు.

కనుక మూడు నెలలు ముగిసిన తరువాత ఏమి జరుగుతున్నదన్నదే అసలు ప్రశ్న. తొమ్మిదవ తరగతి అక్క ఆరవ తరగతి చెల్లెలి మణికట్టు పట్టుకొని, ఉపాధ్యాయిని కనిపెట్టి చూస్తూ వుండగా, వారానికి రెండుసార్లు పావుగంట సాధన చేయిస్తే, ఆ శిక్షణ బడిలో నిలుస్తుంది. మరుసటి ఏడు ఆ చెల్లెలే మరొకతెకు అక్క అవుతుంది. దీనికి కొయ్యబొమ్మ అక్కరలేదు, ప్రత్యేక దుస్తులు అక్కరలేదు, చైనా పేర్లు కూడ అక్కరలేదు. అక్కరకు వచ్చేది ఓపికగా చేయి అందించే మనిషి.

ఈ పాఠంతోపాటు మరొక మాట తప్పక చెప్పవలె. ఏ విద్యా కవచకుండలాలు కాదు. తప్పించుకొని పరుగెత్తగలిగితే పరుగెత్తడమే మొదటి ఉపాయం. కేక వేయడం, 100 గాని 112 గాని పిలవడం దాని వెంటనే చేయవలసిన పని. దాడి జరిగితే తప్పు దాడి చేసినవానిది; విద్య రానందుకు, వచ్చినా పనికిరానందుకు ఏ ఆడపిల్లనూ నిందించరాదు. కొన్ని వారాలలో ఎవరినైనా ఓడించగలవని ఆశ పెట్టే శిక్షకుడు ధైర్యాన్ని గాక భ్రమను అమ్ముతున్నాడు.

'కుంగ్‌ఫూ' అన్న మాటకు చైనా భాషలో మొదటి అర్థం యుద్ధం కాదు. కాలం వెచ్చించి, శ్రమపడి సంపాదించిన నేర్పు అని. వంటవానికీ, లేఖకునికీ, వైద్యునికీ కూడ అది వుండవచ్చును. అటువంటి నేర్పులలో కొన్ని అచ్చుకు ఎక్కుతాయి, కొన్ని తెరకు ఎక్కుతాయి. ముంజేతికి తగిలే ఒత్తిడి మాత్రం దేనికీ ఎక్కలేదు. లియుంగ్ జాన్ చేతినుండి చాన్ చేతికి, ఆయన చేతినుండి ఇప్ మాన్ చేతికి, అక్కడినుండి వేలాది చేతులకు అది నడిచివచ్చినది. నడుమ ఏ ఒక్కరైనా చేయి చాచకుండా వుంటే ఆ దారి అక్కడనే ఆగిపోయి వుండేది. మన బడులలో ఆడపిల్లలకు ధైర్యం నేర్పే పని కూడ యిట్లాగే, ఒక చేతినుండి మరొక చేతికి నడవవలసి వున్నది.